వెన్నుపాముకు దెబ్బ తగిలితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వెన్నెముక దెబ్బల గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకటే అడిగారు: మళ్లీ నడుస్తారా? దానికి జవాబు కింద ఉంది. అయితే దెబ్బ తగిలిన మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేది ఎక్కువసార్లు నడవలేకపోవడం కాదు. చర్మం, మూత్రం, ఊపిరి, ఈ మూడింటి దగ్గర జరిగే అజాగ్రత్త. అందుకే వాటి మీద అడిగిన ప్రశ్నలకు ఎక్కువ చోటిచ్చాం. మందుల మోతాదులన్నీ పెద్దవాళ్లవి. మీ డాక్టరు రాసినదానికీ వీటికీ తేడా కనిపిస్తే ఆయన్నే అడగండి, మీ అంతట మీరు మార్చకండి.

ప్రశ్న: ఎత్తు నుంచి పడినవాళ్లను, బండి మీంచి పడినవాళ్లను చుట్టూ చేరినవాళ్లు చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెడతారు, నీళ్లు తాగిస్తారు. అది తప్పని విన్నాను. మరి ఏం చేయాలి? అలాగే వదిలేయలేం కదా?

జవాబు: మీరు విన్నది నిజమే. ఎముక విరిగినా, పూస పక్కకు జారినా, లోపలి వెన్నుపాము ఇంకా క్షేమంగా ఉండొచ్చు. లేపి కూర్చోబెట్టగానే తల ముందుకు వాలుతుంది, నడుము మడతపడుతుంది, విరిగిన ముక్క వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కేస్తుంది. అప్పటిదాకా కదిలిన కాళ్లు అప్పుడు ఆగిపోతాయి.

ఎత్తు నుంచి పడినా, వేగంగా వెళ్తూ గుద్దుకున్నా, లోతు తెలియని నీళ్లలో తలకిందులుగా దూకినా, తలకు దెబ్బ తగిలి మాట తడబడుతున్నా, మెడలో గానీ వీపు మధ్యలో గానీ నొప్పి ఉన్నా, చేతుల్లో కాళ్లలో తిమ్మిరి అన్నా వెన్నుపాముకు దెబ్బ తగిలిందనే అనుకుని నడుచుకోవాలి. 'నొప్పేం లేదు' అన్న మాటను నమ్మి వదిలేయకండి. మద్యం తాగి ఉన్నా, ఇంకోచోట పెద్ద ఎముక విరిగి ఉన్నా మెడ నొప్పి తెలియదు. వయసు మళ్లినవాళ్లకైతే మంచం మీంచి జారినంత మాత్రానే మెడ ఎముక విరగొచ్చు.

ఒకరు తల వైపు మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో చెవుల దగ్గర తలను పట్టుకుని కదలకుండా ఉంచాలి. లాగకూడదు. మెడ వంకరగా ఉంటే బలవంతంగా సరిచేయకూడదు. అవును, కాదు అని తల ఊపకుండా నోటితో చెప్పమనండి. నీళ్లు పట్టొద్దు. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆపరేషన్ కూడా ఆలస్యమవుతుంది.

అన్నిటికంటే ముందు ఊపిరి. గురక లాంటి చప్పుడు వస్తుంటే నాలుక వెనక్కి పడిందని అర్థం. గడ్డం ఎత్తి తల వెనక్కి వంచకండి. చెవుల కింద ఉండే దవడ మూలలను వేళ్లతో ముందుకు నెట్టండి. ఊపిరి, నాడి లేకపోతే మాత్రం మెడ గురించి ఆలోచిస్తూ ఆగకూడదు, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాల్సిందే.

వాంతి చేసుకుంటుంటే ఒంటిని ఒకే దుంగలా పక్కకు దొర్లించాలి. దానికి కనీసం నలుగురు కావాలి. తల పట్టుకున్నవారే ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పాలి, మిగతావాళ్లు ఆ మాట మీదే కదలాలి. ఒకరు భుజం, తుంటి పట్టుకుంటారు, ఇంకొకరు తుంటి కింద, మోకాలి దగ్గర, మూడోవారు కాళ్లు. ముక్కు, బొడ్డు ఎప్పుడూ ఒకే గీతలో ఉండాలి. మంట, నీళ్లు, మీదికొచ్చే బండ్లు లాంటి ప్రమాదం ఉండి వెంటనే జరపక తప్పదంటే, చొక్కా భుజాల దగ్గర పట్టుకుని, తలను మీ ముంజేతుల మధ్య ఆనించి, ఒంటిని నిలువుగా వెనక్కి లాగండి. పక్కకు ఈడ్చకండి. హెల్మెట్ ఊపిరికి అడ్డం కానంతవరకు తెలిసినవాళ్లు వచ్చేదాకా ఉండనివ్వండి. దాన్ని తీయడానికి ఇద్దరు కావాలి, ఒకరు లాగుతుంటే ఇంకొకరు మెడను కింద నుంచి మోయాలి.

గట్టి బల్ల తరలించడానికే. ఆస్పత్రికి చేరగానే తీసేయమని గట్టిగా అడగండి. స్పర్శ లేని పిరుదుల కింద ఆ బల్ల గంటల తరబడి ఉండిపోతే మొదటి పుండుకు బీజం అక్కడే పడుతుంది.

ప్రశ్న: ఒకే ప్రమాదంలో మా పెదనాన్నగారికి మెడ ఎముక ఏదీ విరగలేదన్నారు, కానీ చేతులు పడిపోయాయి. నెమ్మదిగా నడవగలుగుతున్నారు. డ్రైవరుకు నడుము పూస నుజ్జయింది, అతను మామూలుగా తిరుగుతున్నాడు. ఇదెలా సాధ్యం?

జవాబు: ఎముక దెబ్బ వేరు, వెన్నుపాము దెబ్బ వేరు. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5 పూసలుంటాయి. రిపోర్టుల్లో మెడవాటిని 'సి', ఛాతీ వెనకవాటిని 'టి' అని రాసి, పై నుంచి లెక్కపెట్టిన అంకె వేస్తారు. సి6 అంటే మెడలో ఆరోది. వాటి మధ్యలోంచి దిగే వెన్నుపాము పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండి, నడుము మొదటి రెండు పూసల దగ్గరే అయిపోతుంది. ఆ కింద ఉండేవి విడివిడి నరాల పోగులు. ఇవి నొక్కుడును వెన్నుపాముకంటే బాగా తట్టుకుంటాయి, అక్కడ దారి కూడా వెడల్పుగా ఉంటుంది. డ్రైవరుకు విరిగింది ఆ కింది పూసల్లో ఒకటై ఉండాలి. అలాగని కింది దెబ్బలను తేలిగ్గా తీసుకోకూడదు. నడుము దెబ్బ తర్వాత మూత్రం ఆగిపోయినా, కూర్చునేచోట మొద్దుబారినా అదే రోజు ఆపరేషన్ దాకా వెళ్లాల్సిన పరిస్థితి.

మీ పెదనాన్నగారి విషయం వేరు. వయసుతో మెడ పూసల అంచులు పెరిగి, లోపలి పొర మందమెక్కి దారి ఇరుకవుతుంది. ముఖం దేనికో కొట్టుకుని మెడ ఒక్కసారిగా వెనక్కి విరిచినట్టయితే ఎముక విరగకుండానే వెన్నుపాము ముందూ వెనకా నలుగుతుంది. కాళ్లకంటే చేతులు ఎక్కువ దెబ్బతింటాయి. దీన్ని సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్ అంటారు, 1954లో ష్నైడర్, ఆయన సహచరులు వర్ణించారు. సాధారణంగా ముందు కాళ్లు, తర్వాత మూత్రం మీద అదుపు, ఆ తర్వాత చేతులు, చివరికి వేళ్లు తేరుకుంటాయి. ఆయన నడుస్తున్నారు కదా అని వేళ్ల వ్యాయామం ఆపేయకండి. అందరికంటే ఆలస్యంగా కోలుకునేవి అవే.

చిన్నపిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. వాళ్ల తల బరువు, మెడ కీళ్లు వదులు. ఎముకలు సాగి మళ్లీ చోటికి వచ్చేస్తాయి, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, లోపల వెన్నుపాము మాత్రం దెబ్బతిని ఉంటుంది. కొందరిలో బలహీనత కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడుతుంది. పడిన పిల్లవాడు చేతుల్లో కరెంటు కొట్టినట్టుందంటే ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఆగకుండా ఎమ్మారై తీయించాలి.

ప్రశ్న: ఆపరేషన్ చేస్తే తెగిన నరం అతుక్కుంటుందా? వెంటనే చేయాలంటారు, కొందరు వాపు తగ్గాక అంటారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వలేదని మాకు బాధగా ఉంది.

జవాబు: అతుక్కోదు. అసలు వెన్నుపాము రెండుగా తెగిపోవడం అరుదు, చాలావరకు నలిగిపోతుంది. దెబ్బ తగిలిన క్షణంలో జరిగిన నష్టాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కానీ ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో రెండో నష్టం నడుస్తుంది. లోపల రక్తం కారుతుంది, వాపు వస్తుంది, రక్తం అందక పక్కనున్న మంచి కణాలు కూడా చచ్చిపోతాయి. వైద్యం చేయగలిగిందల్లా దీన్ని తగ్గించడమే. ఆపరేషన్ నొక్కుడు తీస్తుంది, ఊగుతున్న పూసలను రాడ్లు, స్క్రూలతో నిలబెడుతుంది. మనిషి ఒంటి పరిస్థితి అనుమతిస్తే 24 గంటల్లోపు నొక్కుడు తీయడం మంచిదని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాపు తగ్గేదాకా ఆగడం పాత పద్ధతి.

ఆపరేషన్ అంత ముఖ్యమైనది, ఇంటివాళ్లు పట్టించుకోనిది రక్తపోటు. మెడ, పైఛాతీ దెబ్బల్లో రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది. రక్తం పోయినవాళ్లలో నాడి వేగంగా కొట్టుకుంటుంది, వీళ్లలో నెమ్మదిస్తుంది, కాళ్లు వెచ్చగా ఉంటాయి. సెలైన్ సీసాలు ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది తప్ప లాభం ఉండదు, రక్తనాళాలను బిగించే మందు కావాలి. సగటు రక్తపోటును 85 నుంచి 90 మధ్య, వారం దాకా నిలబెట్టాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న లక్ష్యం. ఇటీవల దాన్ని కొంచెం సడలించారు.

స్టెరాయిడ్ గురించి బాధపడకండి. 1990లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తర్వాత మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌ను కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టి 24 గంటలు ఇవ్వడం ఆనవాయితీ అయింది. లాభం చాలా స్వల్పమని, న్యుమోనియా, కడుపులో రక్తస్రావం, చక్కెర పెరగడం లాంటి ముప్పులు మాత్రం ఎక్కువవుతాయని తర్వాత తేలింది. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు వద్దన్నాయి. మొదటి 8 గంటల్లో ఆలోచించవచ్చని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇవ్వకపోవడం మాత్రం నిర్లక్ష్యం కాదు.

ప్రశ్న: మా తమ్ముడికి మెడలో సి6 దగ్గర దెబ్బ. రిపోర్టులో 'ఏ' గ్రేడు అని రాశారు. ఈమధ్య దుప్పటి తీయగానే కాళ్లు ఎగిరి పడుతున్నాయి. మంచి గుర్తేనా? ఎంతకాలం ఎదురుచూడాలి?

జవాబు: కాళ్లు వాటంతట అవి ఎగరడం మంచీ కాదు, చెడూ కాదు. దెబ్బ తగిలిన కొత్తలో కింది భాగం మొత్తం మెత్తగా పడిపోతుంది. దీన్నే స్పైనల్ షాక్ అంటారు. రోజుల నుంచి వారాల దాకా ఉండి, అది పోయాక దెబ్బకు కిందున్న వెన్నుపాము మెదడు అదుపు లేకుండా సొంతంగా పనిచేయడం మొదలుపెడుతుంది. అప్పుడు తాకినా, చలి తగిలినా, మూత్రం నిండినా కాళ్లు బిగుస్తాయి, ఎగురుతాయి. తేడా తెలుసుకోవడం సులువు. కాలిని ఎవరూ తాకకుండా బొటనవేలు పైకెత్తమని అడగండి. చెప్పినప్పుడల్లా కదిలి, ఆపమన్నప్పుడు ఆగితే అది అతని కదలిక. మూడు నాలుగుసార్లు వరసగా రాకపోతే రిఫ్లెక్స్ అనుకోవాలి.

గ్రేడు విషయానికి వద్దాం. 'ఏ' అంటే మలద్వారం దగ్గర స్పర్శా లేదు, బిగించే శక్తీ లేదు. 'బి' అంటే స్పర్శ ఉంది, కదలిక లేదు. 'సి', 'డి' అంటే కదలిక ఉంది, కానీ 'డి'లో కనీసం సగం కండరాలు బరువుకు ఎదురుగా అవయవాన్ని ఎత్తగలవు. 'ఇ' అంటే పరీక్షలో లోపం లేదు. కాళ్లలో ఏమీ తెలియకపోయినా మలద్వారం చుట్టూ తెలిస్తే అతను 'ఏ' కాదు. అందుకే సిగ్గుపడి ఆ పరీక్ష వదిలేస్తే లెక్క తప్పుతుంది. మొదటి రోజు చేసిన పరీక్షకంటే 72 గంటల దగ్గర చేసినది నమ్మదగ్గది. తొలి గంటల్లో మత్తుమందు, తలదెబ్బ, నొప్పి అన్నీ అడ్డం వస్తాయి. మొదటి నెల చివర్లో మళ్లీ చేయించండి. దూది తాకితే తెలియడంకంటే సూది మొన తాకితే సూదిగానే తెలియడం ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గ సంగతి, ఎందుకంటే ఆ దారి, కదలికల దారి వెన్నుపాములో పక్కపక్కనే ఉంటాయి.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆరు నుంచి తొమ్మిది నెలలకు నెమ్మదిస్తుంది, ఏడాది, ఏడాదిన్నర తర్వాత మార్పులు చిన్నవి. మొదట 'ఏ'గా ఉన్నవాళ్లలో పది మందిలో ఇద్దరు ముగ్గురు ఏడాదిలో పై గ్రేడుకు మారొచ్చు, కానీ ఒంటరిగా నడిచేది అందులోనూ కొద్దిమందే. 'డి'గా మొదలైనవాళ్లలో ఎక్కువమంది నడుస్తారు.

అయితే మీ తమ్ముడి జీవితాన్ని మార్చేది కాళ్లు కాకపోవచ్చు, ఒక్క మెట్టు కిందికి వచ్చే చేతి బలం. సి5 ఉంటే మోచేయి వంగుతుంది, సి6 ఉంటే మణికట్టు పైకి లేస్తుంది, సి7 వస్తే మోచేయి చాచగలుగుతాడు, సి8తో (మెడలో పూసలు 7 అయినా నరాలు 8) వేళ్లు ముడుస్తాడు. సి6కీ సి7కీ ఉన్న తేడా ఏమిటంటే, రెండు చేతులు ఆన్చి ఒంటిని ఎత్తుకుని మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారడం. మెడ దెబ్బల్లో ఇలా ఒక మెట్టు దిగి రావడం తరచుగా జరుగుతుంది. కాబట్టి 'నడక వచ్చాక చూద్దాం' అని పడుకోబెట్టి ఉంచకండి. భుజాలు, ముంజేతుల వ్యాయామం మొదటి వారాల నుంచే నడవాలి. ఏడాది ఆశతో ఆగి, ఆ ఏడాదిలో కీళ్లు బిగిసి, పుండ్లు పడి, తర్వాత నరం తేరుకున్నా వాడుకోలేనివాళ్లుంటారు. మాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ప్రశ్న: మా ఆయనకు మొదట మూత్రానికి పైపు ఉంచారు. ఇప్పుడు రోజుకు నాలుగైదుసార్లు సన్నపైపు పెట్టి తీయమంటున్నారు. ఇంట్లో చేస్తే ఇన్ఫెక్షన్ రాదా? పొట్ట నొక్కితే మూత్రం వచ్చేస్తోంది కదా, అది చాలదా?

జవాబు: పొట్ట నొక్కడం ఈరోజే మానేయండి. వెన్నుపాము దెబ్బలో మూత్రాశయం బిగుసుకునే సమయానికే కింది కవాటం కూడా బిగుసుకుంటుంది. మీరు నొక్కినప్పుడు కొంత బయటికి వస్తుంది, మిగతా ఒత్తిడి పైకి, మూత్రపిండాల మీదికి పోతుంది. నొప్పి తెలియదు కాబట్టి మూత్రపిండాలు చెడేదాకా ఎవరికీ అనుమానం రాదు.

సన్నపైపు పద్ధతిని 1972లో జాక్ లాపిడీస్ అనే అమెరికా వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఆపరేషన్ థియేటరు శుభ్రత అక్కర్లేదని, మూత్రాశయం అతిగా సాగకుండా తరచూ పూర్తిగా ఖాళీ అయితే ఇన్ఫెక్షన్ తగ్గుతుందని ఆయన చూపించాడు. సూత్రం అదే: సాగనివ్వొద్దు, మిగల్చొద్దు. ఒకసారికి 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటుతుంటే వేళలు దగ్గర చేయండి. ఒక వారం ఏ వేళకు ఎంత తాగారు, ఎంత వచ్చింది రాసి ఉంచితే సరైన వేళలు అవే తెలుస్తాయి. రోజుకు సుమారు రెండు లీటర్ల ద్రవం, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి పైపు. మూత్రం తగ్గాలని నీళ్లు తగ్గించడం రాళ్లకు, ఇన్ఫెక్షన్‌కు దారి. పగలంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాల్లో నీరు చేరి, రాత్రి పడుకోగానే అదంతా మూత్రంగా వస్తుంది. సాయంత్రం ఒక గంట కాళ్లు ఎత్తి పడుకోబెట్టి, ఆ తర్వాత పైపు పెట్టి నిద్రపుచ్చండి.

పెద్దవాళ్లకు 12 లేదా 14 నంబరు పైపు సరిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ భాగాన్ని సబ్బునీళ్లతో తుడిచి, మగవారికి ముందు చర్మం వెనక్కి తీసి, జెల్లీ ధారాళంగా రాయండి. అంగాన్ని పొట్టకు నిటారుగా పైకి పట్టుకుంటే లోపలి వంపు సరళమవుతుంది. 18, 20 సెంటీమీటర్ల దగ్గర అడ్డం తగులుతుంది, అదే కవాటం. నెట్టకండి. పైపును అలాగే పట్టుకుని, ఆయన్ను నెమ్మదిగా ఊపిరి తీసి వదలమనండి, అర నిమిషంలో వదులవుతుంది. మూత్రం రాగానే ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పంపి ఆగండి. ధార ఆగాక మెల్లగా బయటికి లాగుతూ, మళ్లీ చుక్కలు వస్తే అక్కడ ఆగండి. అడుగున మిగిలేది అదే. చివర్లో ముందు చర్మాన్ని తప్పకుండా ముందుకు తేవాలి, లేకపోతే వాచి ఇరుక్కుపోతుంది. ఆడవారిలో దారి నాలుగు సెంటీమీటర్లే. పొరపాటున కింది దారిలోకి వెళితే ఆ పైపును తీయకుండా గుర్తుగా ఉంచి, కొత్తదాన్ని పైదారిలో పెట్టండి.

ఒకసారి వాడి పారేసే పైపులే మేలు. తప్పనిసరిగా మళ్లీ వాడాల్సివస్తే లోపలా బయటా సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పొడి డబ్బాలో దాచండి. తడి పైపును ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టడమే చాలా ఇన్ఫెక్షన్లకు కారణం. బిరుసెక్కినా, పగుళ్లు కనిపించినా పారేయండి.

మూత్ర పరీక్షలో క్రిములు కనిపించడం వీళ్లలో మామూలు. జ్వరం, వణుకు, మామూలుకంటే కాళ్లు ఎక్కువ బిగుసుకోవడం, కొత్తగా కారడం లాంటివి లేకుండా రిపోర్టు చూసి మాత్రమే యాంటీబయాటిక్ వేయకండి. నిజంగా అవసరమైన రోజు ఆ మందు పనిచేయదు. ఏటా మూత్రపిండాల స్కానింగ్, మూత్రాశయం ఒత్తిడి కొలిచే పరీక్ష ఎప్పుడెప్పుడన్నది మీ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి టి4 దగ్గర దెబ్బ. విరేచనం చేయించేటప్పుడు ముఖం ఎర్రబడి, చెమటలు పట్టి, తల పగిలిపోతోందన్నాడు. బీపీ 170 చూపించింది. మామూలుగా 100 ఉంటుంది. బీపీ మాత్ర రోజూ వేయాలా?

జవాబు: రోజూ మాత్ర కాదు. ఇది ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా, అత్యవసర పరిస్థితి. టి6 గానీ అంతకు పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లలో వస్తుంది. కింద ఎక్కడో నొక్కుడు, సాగుడు, నొప్పి కలిగితే ఆ కబురు మెదడుకు చేరదు, కానీ కిందున్న రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. మెదడు దాన్ని తగ్గించమని పంపే ఆజ్ఞ దెబ్బను దాటి పోలేదు. ఆపకపోతే మెదడులో రక్తస్రావం, మూర్ఛ రావొచ్చు. మామూలు బీపీ 100 ఉన్నవాళ్లకు 130 కూడా ప్రమాద సూచనే, మిగతావాళ్ల కొలత వీళ్లకు పనికిరాదు.

చేస్తున్న పని ఆపండి. వెంటనే కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేయండి, పడుకోబెట్టవద్దు. నడుము బెల్టు, సాక్సు, బూట్లు, పొట్ట పట్టీ వదులు చేయండి. తర్వాత మూత్రం చూడండి, కారణాల్లో మొదటిది అదే. పైపు ఉంటే మడత పడిందా, సంచి నిండిందా చూడండి. పైపు లేకపోతే లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) జెల్లీ వేసి పెట్టి ఖాళీ చేయండి. మూసుకుపోయిన పైపును కొత్తదానితో మార్చండి, పెద్ద సిరంజితో బలంగా నీళ్లు ఎక్కించకండి. మూత్రం కారణం కాకపోతే మలం. లిగ్నోకైన్ జెల్లీ లోపల రాసి, అది పనిచేసేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు మెల్లగా తీయాలి. ఆగకుండా వేలు పెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. అదీ కాకపోతే పుండు, లోపలికి పెరిగిన గోరు, కింద ఇరుకున్న నాణెం, వృషణాలు నలగడం, కాలిన గాయం, విరిగిన ఎముక, ఏదైనా కావచ్చు. బట్టలు తీసి తల నుంచి కాలి దాకా వెతకండి. రెండు నుంచి ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తుండండి. పై సంఖ్య 150 దాటి, కారణం దొరకకపోతే ఆస్పత్రికి బయలుదేరాలి. త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మందు అక్కడ ఇస్తారు. లైంగిక సామర్థ్యం కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వేసుకుని ఉంటే ఆ మాట ముందే చెప్పాలి, దాని మీద నైట్రేటు మందు ఇస్తే బీపీ ప్రాణం మీదికి పడిపోతుంది.

మలవిసర్జన విషయం: రోజూ లేదా రోజు విడిచి రోజు ఒకే వేళకు, భోజనమైన అరగంటలోపు మొదలుపెట్టండి. పేగు ఆ సమయంలో దానంతట కదులుతుంది. సపోజిటరీని (మలద్వారంలో పెట్టే మందు గుళిక) మలంలో గుచ్చకుండా పేగు గోడకు ఆనించి పెట్టాలి. పదిహేను ఇరవై నిమిషాల తర్వాత, జెల్లీ రాసిన గ్లౌజు వేలితో 15 నుంచి 20 సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పి ఆగండి, ఐదు పది నిమిషాలకోసారి మళ్లీ చేయండి. ఇది నడుము పైన దెబ్బ ఉండి రిఫ్లెక్స్ మిగిలినవాళ్లకే. కింది నరాల పోగుల దెబ్బలో రిఫ్లెక్స్ ఉండదు, వాళ్లకు వేలితోనే రోజూ తీయాలి, మలం కాస్త గట్టిగా ఉండేట్టు చూసుకోవాలి.

ప్రశ్న: గాలిపరుపు వేసినా మా అమ్మకు పిరుదు పైన పుండు పడింది. రోజూ స్పిరిటుతో రుద్దుతున్నాం. ఇంకేం చేయాలి?

జవాబు: స్పిరిటు, పౌడరు, రుద్దడం, మూడూ ఆపండి. ఎర్రబడిన చోట రుద్దితే లోపల ఇప్పటికే నలిగిన కండ చిరుగుతుంది. గాలిపరుపు వేసినా రెండు గంటలకోసారి తిప్పడం తప్పదు. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి పక్క ఎముక మీద బరువు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు మాత్రమే వాల్చండి. తల వైపు మంచాన్ని 30 డిగ్రీలకు మించి ఎక్కువసేపు లేపి ఉంచకండి, ఒళ్లు కిందికి జారుతూ చర్మం లోపల్లోపల కోసుకుపోతుంది. పిక్కల కింద పొడవునా దిండు పెట్టి మడమలు గాలిలో తేలేట్టు చూడండి. మధ్యలో కన్నం ఉన్న గుండ్రటి మెత్త వాడకూడదు, దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది.

రోజుకు రెండుసార్లు చర్మం చూడండి. నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించదు. చుట్టుపక్కలకంటే ముదురు రంగు, వెచ్చదనం, గట్టిదనం చేత్తో తెలుస్తాయి. వేలితో నొక్కి వదిలితే రంగు మారకపోతే అది పుండు మొదలే, ఆ చోట మామూలు రంగు వచ్చేదాకా బరువు పెట్టకూడదు. వీల్‌చైర్‌లో కూర్చునేవాళ్లు 15 నుంచి 30 నిమిషాలకోసారి ఛాతీ తొడలకు ఆనేలా ముందుకు గానీ, పక్కలకు గానీ వంగి రెండు నిమిషాలు ఉండాలి. చేతులతో ఒంటిని ఎత్తి అర నిమిషంలో దించేస్తే రక్తం తిరిగి చేరేంత సమయం ఉండదు, భుజాలు మాత్రం అరుగుతాయి. పడిన పుండు నుంచి వాసన, చీము, జ్వరం వస్తున్నా, లోపల ఎముక తగులుతున్నా సర్జన్ చూడాలి. ఆహారంలో మాంసకృత్తులు ఒంటి బరువు కిలోకు సుమారు 1.25 నుంచి 1.5 గ్రాములు అందకపోతే ఏ మందూ పుండును మాన్పలేదు. మూత్రపిండాల జబ్బు ఉంటే ఆ మోతాదు డాక్టరును అడిగే పెంచండి.

ప్రశ్న: మా చెల్లికి సి6 దెబ్బ. వేళ్లు ముడుచుకుపోతున్నాయని రోజూ మణికట్టు వెనక్కి వంచి, వేళ్లు చాచి సాగదీస్తున్నాం. సరైనదేనా?

జవాబు: కాదు, వెంటనే మార్చండి. సి6 మిగిలినవాళ్లు మణికట్టు పైకెత్తితే వేళ్ల స్నాయువులు బిగిసి వేళ్లు వాటంతట ముడుచుకుంటాయి. ఆ పట్టుతోనే చెంచా, పెన్ను, ఫోను పట్టుకోగలరు. రెండూ కలిపి సాగదీస్తే స్నాయువులు వదులై ఆ పట్టు పోతుంది, తిరిగి రాదు. మణికట్టు పైకెత్తినప్పుడు వేళ్లు ముడిచి ఉంచండి, వేళ్లు చాచినప్పుడు మణికట్టు కిందికి వంచి ఉంచండి.

ప్రశ్న: బిగుసుకోవడం తగ్గిందని బాక్లోఫెన్ మానేశాం. రెండు రోజుల్లో ఏవో కనిపిస్తున్నాయని కేకలు పెట్టాడు.

జవాబు: అది మందు హఠాత్తుగా ఆపడం వల్లే. మూర్ఛ, తీవ్ర జ్వరం కూడా రావొచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి ఆ మాట చెప్పండి. బాక్లోఫెన్ 5 మిల్లీగ్రాములతో రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, తగ్గించేటప్పుడూ వారాల మీద తగ్గించాలి. ఇంకో మాట. నిదానంగా ఉన్న బిగుసు ఉన్నట్టుండి పెరిగితే మోతాదు పెంచడానికి ముందు మూత్రం, పుండు, గోరు, మలబద్ధకం వెతకండి.

ప్రశ్న: దెబ్బ తగిలాక నెలసరి ఆగిపోయింది. ఇక పిల్లలు పుట్టరా? నాకు టి5 దగ్గర దెబ్బ.

జవాబు: ఆగడం తాత్కాలికం, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. గర్భం ధరించే శక్తి తగ్గదు, కాబట్టి వద్దనుకునే కాలంలో జాగ్రత్త మీరే తీసుకోవాలి. గర్భం వస్తే మందులన్నీ ముందే డాక్టరుకు చూపించండి. టి10 పైన దెబ్బ ఉన్నవాళ్లకు పురిటి నొప్పులు తెలియకపోవచ్చు. కాళ్ల బిగుసు, చెమట, పొట్ట గట్టిపడటం గుర్తులుగా పెట్టుకోవాలి, చివరి నెలల్లో తరచూ పరీక్ష చేయించుకోవాలి. మీది టి6కు పైన కాబట్టి కాన్పులో పైన చెప్పిన బీపీ ఉప్పెన రావొచ్చు. నొప్పితో పాటు పెరిగి నొప్పి మధ్యలో తగ్గే బీపీ అదే. దాన్ని గర్భిణుల బీపీగా పొరబడకుండా మత్తు డాక్టరుతో ముందే మాట్లాడి, ఎపిడ్యూరల్ (నడుములో ఇచ్చే మత్తు) తొందరగా పెట్టించుకోవాలి.

మగవారిలో స్తంభనకు మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. వీర్యం రానప్పుడు, టి10 పైన దెబ్బ అయితే వైబ్రేటరుతో తరచుగా సాధ్యమవుతుంది. టి6 పైన ఉన్నవాళ్లు మొదటిసారి ఆస్పత్రిలో, బీపీ చూస్తూ చేయించుకోవాలి.

ప్రశ్న: స్పర్శ లేని కాలి తొడ ఒక్కసారిగా వాచి వెచ్చగా ఉంది. నొప్పి లేదంటున్నాడు కాబట్టి ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దు. మొదటి మూడు నెలల్లో కాలి సిరలో రక్తం గడ్డకట్టడం ముందుగా అనుమానించాలి. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అందుకే రక్తం పల్చబరిచే ఇంజెక్షన్లను కనీసం ఎనిమిది వారాల దాకా కొనసాగించమంటారు. డాప్లర్ స్కానింగ్ చేసేదాకా ఆ కాలికి మసాజ్, వ్యాయామం వద్దు. స్కాన్ శుభ్రంగా ఉంటే ఇంకో రెండు చూడాలి. తుంటి చుట్టూ కండలో ఎముక పెరగడం మొదటి నెలల్లోనే కనిపిస్తుంది, కీలు బిగుసుకుంటుంది. తర్వాతి ఏళ్లలో ఎముకలు డొల్లబారి, మంచం మారేటప్పుడు మోకాలి పైన విరిగినా తెలియదు.

ప్రశ్న: స్టెమ్ సెల్ చికిత్సతో నడుస్తారని ప్రకటనలు చూస్తున్నాం. వెన్నులో కరెంటు పెట్టి నడిపిస్తున్నారని కూడా విన్నాం. వేటిని నమ్మాలి?

జవాబు: రెండింటినీ ఒకే గాటన కట్టకండి. స్టెమ్ సెల్స్‌తో నడక తిరిగివస్తుందని నిరూపించిన పెద్ద, నియంత్రిత అధ్యయనం లేదు. వెన్నులోకి ఎక్కించిన కణాలు గడ్డలుగా పెరిగిన సంఘటనలు, ఇన్ఫెక్షన్లు నమోదయ్యాయి. కొత్తలో చేయించుకున్నవాళ్లలో కనిపించే మెరుగుదల, ఎలాగూ వచ్చే తొలి ఏడాది మెరుగుదలే కావచ్చు.

విద్యుత్ ప్రేరణ వేరు. 2018లో అమెరికాలోని లూయీవిల్, మేయో క్లినిక్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందాలు వెన్నుపాము పైపొర మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, నెలల తరబడి శిక్షణ ఇచ్చి, కొద్దిమందిని ఊతతో అడుగులు వేయించగలిగాయి. చర్మం మీద నుంచే మెడకు కరెంటు పంపే ఒక పరికరాన్ని 60 మందిలో పరీక్షించగా 72 శాతం మందిలో చేతుల బలం, పనితనం రెండూ మెరుగయ్యాయి. 2024 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ దాన్ని చేతుల కోసం అనుమతించింది. వాళ్లందరికీ కొంత చేతి కదలిక ముందే ఉంది, వ్యాయామంతో కలిపే వాడారు.

ఎవరైనా కొత్త చికిత్స చెబితే ఈ మూడు అడగండి: ఇది నమోదైన ప్రయోగమా, ఆ నమోదు సంఖ్య ఏది? నీతి సంఘం అనుమతి పత్రం చూపిస్తారా? చికిత్సకు ముందు, తర్వాత బయటి డాక్టరుతో 'ఏ' నుంచి 'ఇ' గ్రేడు పరీక్ష చేయిస్తారా? నిజమైన ప్రయోగంలో పాల్గొనేవారి నుంచి సాధారణంగా ఆ చికిత్సకు డబ్బు తీసుకోరు. వెళ్లాలనుకుంటే ముందు పుండ్లు మాన్చుకోండి, కీళ్లు వదులుగా ఉంచుకోండి. మానని పుండు, బిగిసిన తుంటి ఉంటే చాలా ప్రయోగాల్లో పేరే తీసుకోరు.